సంక్రాంతికి వైజాగ్ వస్తున్న మనవలకు

చిన్నీకి, బుజ్జికి అమ్మమ్మ ఆశీస్సులు.

సంక్రాంతి సెలవులకు మీరిద్దరూ వస్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రోజూ బీచ్‌కే వెళ్ళాలని చిన్నీ పట్టుబడుతోందట. వెళ్దాం. కానీ ఇక్కడికి వచ్చేవాళ్ళలో చాలామంది సాయంత్రం ఆర్కే బీచ్‌లో దిగి, కాళ్ళు తడుపుకుని, కాల్చిన మొక్కజొన్న పొత్తు తిని, వైజాగ్ చూసేశాం అనుకుని వెళ్ళిపోతారు. పొత్తు మనమూ తిందాం, దాని సంగతి వేరే. అయితే ఇక్కణ్ణుంచి భీమిలి దాకా పాతిక కిలోమీటర్ల రోడ్డు దాదాపు సముద్రం పక్కనే సాగుతుంది. మీరు ఆ తీరమంతా చూడాలని నా కోరిక. అందుకే ముందుగా ఈ ఉత్తరం.

మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రం మీద ఉదయిస్తాడు, కొండల వెనక దిగుతాడు. జనవరిలో ఆరున్నర ప్రాంతంలో ఉదయిస్తాడు కాబట్టి చలిగా ఉన్నా పొద్దున్నే లేవాల్సిందే. ఆ వేళకి తీరం జాలర్లది. అలివి వల వేసిన రోజైతే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. పడవలో వెళ్ళి సముద్రంలో వలను అర్ధచంద్రాకారంలో వదిలి వస్తారు, తర్వాత రెండు కొసల తాళ్ళనూ ఒడ్డు మీద రెండు జట్లు పట్టుకుని లాగుతారు. లాగేకొద్దీ రెండు జట్లూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. చివర్లో వల సంచి ఒడ్డుకి చేరినప్పుడు కవళ్ళు, నెత్తళ్ళు లాంటి చిన్న చేపలు ఎండకి తళతళలాడతాయి. అది వాళ్ళ కూడు. తాళ్ళు తొక్కుకుంటూ మధ్యలోకి వెళ్ళకండి. ఫోటో తీయాలంటే ముందు “తీసుకోవచ్చా అన్నా?” అని అడగండి.

మధ్యాహ్నానికి సముద్రం మీంచి చల్లగాలి మొదలవుతుంది. నీళ్ళకన్నా నేల త్వరగా వేడెక్కుతుంది, నేల మీది వేడిగాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి దూసుకొస్తుంది. ఆ గాలికి ఎండ ఎంత తగులుతోందో తెలియదు. హాయిగా ఉందని రెండు గంటలు ఆడితే రాత్రికి భుజాలు మండిపోతాయి. అందుకని పదకొండు దాటాక మనం నీడ పట్టునే ఉందాం.

ఆ వేళకి కుర్సురా జలాంతర్గామి సరిగ్గా సరిపోతుంది. సోమవారం సెలవు, అది గుర్తుంచుకోండి. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది. 2001లో విరమించింది, 2002లో ఒడ్డుకి చేర్చి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే పక్కకి ఒత్తిగిలాలి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి వంగి దూరాలి. ముందు వైపు ఆరు, వెనక వైపు నాలుగు టార్పెడో గొట్టాలు ఉంటాయి. నీళ్ళ మీద డీజిల్ ఇంజన్లు, నీళ్ళ కింద బ్యాటరీలు. దాదాపు 75 మంది ఇందులోనే తిని, ఇందులోనే పడుకుని రోజుల తరబడి సముద్రంలో ఉండేవారు. పొయ్యి ఎక్కడుందో, మంచం ఎంత వెడల్పుందో చూడండి. రోడ్డు అవతల టీయూ-142 విమానం ఉంది, అదీ చూద్దాం. కైలాసగిరికి రోప్‌వేలో వెళ్దాం, పైనుంచి తీరం వంపు చక్కగా కనిపిస్తుంది. అంతకన్నా అక్కడ ఎక్కువసేపు అక్కర్లేదని నా అభిప్రాయం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇసుక. బుజ్జీ, నీ దగ్గరున్న అయస్కాంతం తప్పకుండా తెచ్చుకో. భీమిలి వైపు ఒడ్డున ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తాయి. చాలామంది మురికి అనుకుంటారు. తూర్పు కనుమల రాళ్ళు అరిగి, వాగులూ నదులూ మోసుకొచ్చిన ఖనిజాలవి. నల్లవి ఇల్మెనైట్, మాగ్నెటైట్. వాటి మధ్య గులాబీ రంగులో మెరిసేవి గార్నెట్. ఇవి మామూలు ఇసుకకన్నా బరువు. అల వెనక్కి పోతూ తేలిక రేణువుల్ని ఈడ్చుకుపోతుంది, బరువైనవి అక్కడే ఉండిపోతాయి. చేటలో చెరిగితే పొట్టు ఎగిరిపోయి గింజలు మిగిలినట్టే. అయస్కాంతాన్ని ఒక కవరులో పెట్టి పొడి ఇసుక మీద దొర్లించు, నల్ల రేణువులు నిక్కబొడుచుకుని అంటుకుంటాయి. కవరు లేకుండా పెట్టావంటే అవి వదలవు, ఒక్కోటీ గీక్కోవాలి.

ఆ ఇసుక కథే ఎర్రమట్టి దిబ్బల్లో ఇంకాస్త పెద్దదిగా కనిపిస్తుంది. భీమిలి చేరకముందే, రోడ్డు పక్కనే ఉంటాయి. వేల ఏళ్ళ కిందట, మంచుయుగంలో సముద్ర మట్టం ఇప్పటికన్నా బాగా కిందికి దిగినప్పుడు, బయటపడ్డ ఇసుకను గాలి ఎత్తుకొచ్చి ఇక్కడ పోసింది. ఆ ఇసుకలోని ఇనుము గాలికీ తేమకీ తుప్పు పట్టి రేణువుల చుట్టూ ఎర్రటి పొర కట్టింది. తర్వాత వానలు దాన్ని కోసి లోతైన గోర్జీలు, అంటే ఇరుకైన లోయలు, చేశాయి. 2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. ఇలాంటివి మన దేశంలో తమిళనాడులోనూ, బయట శ్రీలంకలోనూ ఉన్నాయి, అంతే. గోర్జీలో అడుగున నడుద్దాం, అంచుల మీదికి ఎక్కొద్దు. అది రాయి కాదు, ఇసుక. మీ బరువుకే జారిపోతుంది, ఒకసారి జారిందంటే మళ్ళీ కట్టేవాళ్ళు లేరు. ఎర్రమట్టి సీసాలో పోసుకుని ఇంటికి తేవడమూ వద్దు.

దారిలోనే తొట్లకొండ ఉంది. రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు కొండ మీద విహారం కట్టుకుని, వాన నీరు పట్టడానికి రాతిలో తొట్లు తొలిచారు. అందుకే ఆ పేరు. 1976లో నౌకాదళం విమానంలోంచి సర్వే చేస్తున్నప్పుడు ఇది బయటపడింది. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. కిందనున్న సముద్రం మీంచే ఆ వర్తకమంతా నడిచింది. చివరికి భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు, పాత లైట్‌హౌస్, గోస్తని నది సముద్రంలో కలిసే చోటు. బొర్రా గుహల్లో మీరు చూసిన ఏరు ఇదే.

నీళ్ళలో దిగడం గురించి కాస్త కఠినంగా చెప్తాను, ఏమీ అనుకోకండి. ఆర్కే బీచ్‌లో మోకాళ్ళు దాటి దిగడానికి నేను ఒప్పుకోను. అక్కడ నేల ఒక్కసారిగా లోతైపోతుంది, వెనక్కి పోయే అల కాళ్ళ కింద ఇసుకను లాగేస్తుంది. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే చోటు మంచిదనుకుంటారు. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ చాలాసార్లు ఆ సందులోంచే లోపలికి పోతుంటాయి, మనిషినీ లాక్కుపోతాయి. ఎప్పుడైనా అలా చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. ఈతకీ కయాక్‌కీ ఋషికొండ వెళ్దాం. శుభ్రంగా, సురక్షితంగా ఉండే బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో దానికి వచ్చింది. లైఫ్‌గార్డు ఉన్నచోట, మీ మావయ్య దగ్గరుండగానే, లైఫ్ జాకెట్‌తోనే.

మంగమారిపేట దగ్గర రాతి తోరణం ఉంది. అక్కడికి పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, వెళ్ళాలి, పోటు మీద ఉంటే రాళ్ళన్నీ మునిగిపోతాయి. పాటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి ముందే చూసుకుందాం. రాళ్ళ గుంటల్లో చిన్న చేపలు, ఖాళీ శంఖంలో కాపురముండే పీతలు కనిపిస్తాయి. బయటికి లాగకండి.

జనవరి నుంచి తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఒడ్డుకొస్తాయి. ఆలివ్ రిడ్లీలంటారు. అటవీశాఖవాళ్ళు గుడ్లు తీసి కంచె లోపల మళ్ళీ పూడ్చిపెట్టి కాపాడతారు. పిల్లలు వచ్చేది మార్చి, ఏప్రిల్ నెలల్లో, అప్పటికి మీకు పరీక్షలు. వలల్లో చిక్కి చనిపోయిన తల్లి తాబేలు ఒడ్డున కనిపించినా కనిపించొచ్చు, బుజ్జికి ముందే చెప్పి ఉంచు చిన్నీ. రాత్రి తీరానికి వెళ్తే ఫోన్ టార్చి వెయ్యొద్దు, ఆ వెలుగుకి అవి దారి తప్పుతాయి.

టోపీలు, పాత చెప్పులు, పొడుగు చేతుల కాటన్ చొక్కాలు సర్దుకోండి. రైలు ఏ పూట వస్తుందో మీ నాన్నని నాకు ఫోన్ చేసి చెప్పమనండి. పొద్దున్న బండి అయితే స్టేషన్ నుంచి ఇంటికి బీచ్ రోడ్డు మీదుగానే వద్దాం.

మీ అమ్మమ్మ