ప్రతిజ్ఞలో దేవుడి పేరు ఎందుకు లేదు? విజయనగరం చెప్పే జవాబు

బడి ప్రతిజ్ఞలో దేవుడి పేరు ఎందుకు లేదన్న ప్రశ్న శ్రీకాకుళం, విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ తిరుగుతోంది. దేవుడంటే గిట్టనివాళ్లు కావాలనే పక్కన పెట్టారని ఆ మెసేజీల సారాంశం. పదవీ ప్రమాణం చేస్తూ తమ దేవుడికి జై కొట్టడం తప్పెలా అవుతుందన్న వాదన కూడా దానితో కలిసే వస్తోంది. ఈ మాటలు అనేవాళ్లకు ప్రతిజ్ఞ ఎవరి చేతుల మీదుగా బడులకు చేరిందో తెలిసినట్టు లేదు.

1962లో, చైనాతో యుద్ధం జరిగిన ఏడాది, విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు దాన్ని తెలుగులో రాశారు. ఆయనది నల్గొండ జిల్లా అన్నెపర్తి. రాసినదాన్ని విశాఖ నాయకుడు తెన్నేటి విశ్వనాథానికి చూపిస్తే, ఆయన అప్పటి రాష్ట్ర విద్యాశాఖ మంత్రి పి.వి.జి. రాజుకు అందించారు. అసలు మలుపు ఇక్కడే ఉందని నా నమ్మకం.

పి.వి.జి. రాజు అంటే పూసపాటి విజయరామ గజపతిరాజు. సింహాచలం అప్పన్న దేవస్థానానికి వంశపారంపర్య ధర్మకర్తలు పూసపాటివారే. పైడితల్లి అమ్మవారు ఆ ఇంటి ఆడపడుచని విజయనగరంలో చిన్నపిల్లలకూ తెలుసు. దసరా వెళ్లిన మంగళవారం సిరిమాను అనే పొడవాటి చెట్టు మాను అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. పూజారి ఆ మాను చివర కూర్చుని వస్తుంటే, రాజకుటుంబం కోట బురుజు మీద నుంచి దర్శించుకుంటుంది. పి.వి.జి. రాజు సోషలిస్టు భావాలున్న మనిషే. 1958లో తండ్రి పేరిట మాన్సాస్ ట్రస్టు పెట్టి ఆస్తులు చదువులకు ఇచ్చారు. అయినా ఆయన ఇంట్లో గుడికి లోటు లేదు. అలాంటి మనిషి చేతుల మీదుగా వెళ్లిన ప్రతిజ్ఞను దేవుడంటే గిట్టనివాళ్ల పని అనడం అన్యాయం.

1964లో అప్పటి కేంద్ర విద్యాశాఖ మంత్రి ఎం.సి. చాగ్లా అధ్యక్షతన బెంగళూరులో కేంద్ర విద్యా సలహా మండలి సమావేశమై, అన్ని బడుల్లో ప్రతిజ్ఞ చేయించాలంది. 1965 జనవరి 26 నుంచి అది దేశమంతటా అమల్లోకి వచ్చింది. అందులో ఏముందో ఒకసారి నిదానంగా చదవండి. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పెద్దలు, చివరికి జంతువుల పట్ల దయ కూడా ఉంది. సీతంపేట కొండల్లో సవర పిల్లాడైనా, ఉర్దూ బడిలో చదివే అమ్మాయైనా, ఆదివారం చర్చికి వెళ్లే ఇంటి బిడ్డైనా ఒక్క మాట కూడా మింగకుండా చెప్పగలరు.

రాజ్యాంగ సభలోనూ ఇదే పేచీ వచ్చింది. 1949 అక్టోబరు 17న హెచ్.వి. కామత్ పీఠికను 'దేవుడి పేరిట' అని మొదలుపెట్టాలన్నారు. వెంటనే అస్సాం సభ్యుడు రోహిణీ కుమార్ చౌధురి లేచి, మేం కామాఖ్య అమ్మవారిని కొలిచేవాళ్లం, దేవుడి పేరు ఒక్కటే చెప్పి దేవిని వదిలేస్తే ఎలా అని అడిగారు. పైడితల్లిని కొలిచే ఊరికి ఆ ప్రశ్న ఎంత సూటిదో వేరే చెప్పక్కర్లేదు. విశ్వాసాన్ని ఎవరి మీదా రుద్దకూడదని పట్టం థాను పిళ్లై, హృదయనాథ్ కుంజ్రూ వాదించారు. ఓటింగులో కామత్‌కు 41, వ్యతిరేకంగా 68 వచ్చాయి. పదవీ ప్రమాణంలో మాత్రం రెండు దారులూ ఉంచారు: దేవుడి పేరిట ప్రమాణం చేయవచ్చు, లేదా దేవుడి ప్రస్తావన లేకుండా దృఢంగా ప్రకటించవచ్చు.

దేవుడి పేరు చెబితే మనిషికి భయం ఉంటుందని, మాట తప్పడని అటువైపువాళ్లు అంటారు. తగవు తేలకపోతే గుడిలో ప్రమాణం చేయమనడం మన ఊళ్లలో ఉన్నదే. సిరిమానోత్సవానికి ప్రభుత్వమే పట్టువస్త్రాలు ఇస్తుంటే బడికి ఏం అడ్డం అని కూడా అడుగుతారు. జాతరకు ఇష్టం లేనివాళ్లు వెళ్లకుండా ఉండొచ్చు. అసెంబ్లీ లైన్లో నిలబడ్డ మూడో తరగతి పిల్లకు ఆ వీలు లేదు.

ఆ వీలు లేక ఇబ్బంది పడ్డ పిల్లలూ ఉన్నారు. 1985లో కేరళలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన ఇంటి పిల్లలు ముగ్గురిని, జాతీయ గీతానికి మర్యాదగా లేచి నిలబడినా పాడలేదని బడి నుంచి పంపేశారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది తెలుగువాడైన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి. పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పడం లేదని, మన సంప్రదాయం నేర్పేది సహనమేనని అందులో రాశారు.

ఇక పెద్దల ప్రమాణాల సంగతి. కేరళలో ఒక ఎమ్మెల్యే దేవుడి పేరిట కాకుండా సంఘ సంస్కర్త శ్రీనారాయణ గురు పేరిట ప్రమాణం చేస్తే హైకోర్టు చెల్లదంది. 2019 జూన్‌లో లోక్‌సభలో ప్రమాణాల వేళ ఒకవైపు జై శ్రీరామ్, ఇంకోవైపు అల్లాహు అక్బర్ వినిపించాయి. 2024లోనూ నినాదాలు ఆగకపోవడంతో, ప్రమాణానికి ముందూ వెనకా ఏ మాటా చేర్చకూడదని స్పీకర్ నిబంధన తెచ్చారు. అది లోక్‌సభ సభ్యులకే వర్తిస్తుంది. శాసనసభ నుంచి పంచాయతీ దాకా అలాంటి నిబంధనే రావాలి. బడి ప్రతిజ్ఞ జోలికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు.