కావిల్ కంటే ముందు రామారావు: సూపర్‌హీరో వేషం ఎవరికి నప్పుతుందన్న వాదన వెనక కథ

2025 జులై 11న కొత్త ‘సూపర్‌మ్యాన్’ విడుదలైంది. విజయవాడ, గుంటూరు హాళ్లలోంచి ఆ సినిమా ఎప్పుడో వెళ్లిపోయింది గానీ దాని వెంట వచ్చిన పేచీ మాత్రం పోలేదు. హెన్రీ కావిల్ ఉండగా ఆ వేషానికి డేవిడ్ కోరెన్స్‌వెట్ ఎందుకని ఒక వర్గం, ఇన్నాళ్లకి సూపర్‌మ్యాన్ మనసారా నవ్వాడని ఇంకో వర్గం. కావిల్ అభిమానుల బాధకి కారణం ఉంది. 2013లో ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’తో మొదలుపెట్టి ఆ వేషాన్ని దాదాపు పదేళ్లు మోశాడు. 2022 అక్టోబరులో ‘బ్లాక్ ఆడమ్’ చివర్లో కాసేపు కనిపించి, మళ్లీ వస్తున్నానని తనే ప్రకటించాడు. డిసెంబరు వచ్చేసరికి అది లేదని తేలింది. సూపర్‌మ్యాన్ సినిమాలు తీసే డీసీ స్టూడియో పగ్గాలు అందుకున్న దర్శకుడు జేమ్స్ గన్ కుర్ర సూపర్‌మ్యాన్ కథ రాసుకున్నాడు. 2023 జూన్‌లో కోరెన్స్‌వెట్ పేరు ఖరారైంది. చేతికిచ్చి లాక్కున్నట్టయింది అభిమానులకి.

దీన్నంతా పనిలేని కుర్రాళ్ల గోల అని కొట్టిపారేసే పెద్దలు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. పాత్ర పెద్దదా, దాన్ని వేసే మనిషి పెద్దవాడా అనే తగువు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కామిక్స్ సినిమాలు అడుగుపెట్టక ముందు నుంచీ ఉంది. అమెరికాలో పుట్టిన తగువు వేరు, మనది వేరు. ఇవాళ ఆ రెండూ కలిసిపోయాయి, అందుకే ఇంత వేడి.

గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్ క్లాసులు వదిలే వేళకి టీ కొట్ల దగ్గర నిలబడితే ఇది చెవిన పడుతుంది. ఈమధ్య ఒక సాయంత్రం ఇద్దరు పిల్లలు ఫోన్లో రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని వాదించుకుంటున్నారు. “కటౌట్ చూడు మావా, కావిల్ ఊరికే నిలబడినా చాలు. ఇతనికి ఆ బాడీ ఏదిరా?” అన్నాడు ఒకడు. “బాడీ కాదురా, కుక్కపిల్ల కోసం కంగారు పడ్డాడు చూడు, అక్కడ సెట్ అయ్యాడు” అన్నాడు రెండోవాడు. గ్లాసులు కడుగుతున్న కొట్టాయన తలెత్తకుండానే, “రామారావు కాకుండా ఎవరు కృష్ణుడు వేసినా మా నాన్న హాల్లోంచి లేచొచ్చేసేవాడు నాన్నా” అన్నాడు. పిల్లలకి ఆ మాట పట్టలేదు. చెప్పాలంటే ఈ కథనంలో సగం ఆ ఒక్క మాటలోనే ఉంది.

ముందు అమెరికా సంగతి చూద్దాం. సూపర్‌మ్యాన్ 1938లో, బ్యాట్‌మ్యాన్ 1939లో, స్పైడర్‌మ్యాన్ 1962లో కాగితం మీద పుట్టారు. నటుడి కంటే ముందు బొమ్మ ఉంది. ఆ బొమ్మ హక్కులు కంపెనీవి. కాబట్టి నటుడు మారడం వాళ్లకి మామూలు విషయం, గొడవంతా బొమ్మకి న్యాయం జరిగిందా లేదా అన్నదాని చుట్టూనే. 1978లో రిచర్డ్ డానర్ ‘సూపర్‌మ్యాన్’ తీసినప్పుడు టైటిల్స్‌లో ముందు పడ్డ పేర్లు మార్లన్ బ్రాండో, జీన్ హ్యాక్‌మన్. హీరో క్రిస్టఫర్ రీవ్ అప్పటికి జనానికి పెద్దగా తెలియని మనిషి. ఆ తెలియకపోవడమే ఆయనకి కలిసొచ్చింది. ఎవరికీ పాత ముఖం గుర్తురాలేదు, ఆయనే సూపర్‌మ్యాన్ అయిపోయాడు.

అసలు యుద్ధం బ్యాట్‌మ్యాన్ దగ్గర మొదలైంది. టిమ్ బర్టన్ తన 1989 సినిమాకి మైకేల్ కీటన్‌ని తీసుకున్నాడని తెలియగానే వార్నర్ బ్రదర్స్‌కి 50,000 దాకా నిరసన ఉత్తరాలు వెళ్లాయని చెబుతారు. ఈమెయిల్ కాదు, కాగితం మీద రాసి స్టాంపు అంటించి పంపినవి. కీటన్ మీద వాళ్లకి పగేమీ లేదు. ఆయన కామెడీ వేషాలకి పేరున్న నటుడు. 1966లో మొదలైన టీవీ సీరియల్ బ్యాట్‌మ్యాన్‌ని నవ్వులాటగా మార్చేసింది. మళ్లీ అదే జరుగుతుందేమోనని, తమకి ప్రాణమైన పాత్ర పదిమందిలో పలచనైపోతుందేమోనని భయం. తీరా జూన్‌లో సినిమా విడుదలయ్యాక ఆ ఏడాది అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ వసూలు చేసిన సినిమా అదే అయింది. ఇప్పటికీ కీటనే అసలు బ్యాట్‌మ్యాన్ అనే తరం ఒకటుంది.

ఆ తర్వాత వచ్చిన గొడవలన్నీ ఇదే దారిలో నడిచాయి. ‘ఎక్స్‌మెన్’ కథల్లోని వుల్వరిన్ కామిక్‌లో 5 అడుగుల 3 అంగుళాల పొట్టివాడు. 2000లో ఆ వేషం వేసిన హ్యూ జాక్‌మన్ ఆరడుగులు దాటినవాడు, పైగా ముందు అనుకున్న నటుడు వేరే షూటింగ్‌లో ఇరుక్కుపోతే చివర్లో దొరికిన అవకాశం అది. 2024లో వచ్చిన ‘డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్’ దాకా జనం ఆయన్నే కోరుకున్నారు. బ్యాట్‌మ్యాన్‌కి శత్రువైన జోకర్‌గా హీత్ లెడ్జర్ పేరు 2006లో చెప్పినప్పుడు పెదవి విరిచినవాళ్లు తక్కువేం కాదు. 2008 జనవరిలో ఆయన చనిపోయాడు, మరుసటి ఏడాది ఆ పాత్రకే ఆస్కార్ వచ్చింది. బ్యాట్‌మ్యాన్‌గా బెన్ అఫ్లెక్‌ని వద్దంటూ 2013లో సంతకాలు సేకరించారు, రాబర్ట్ ప్యాటిన్‌సన్‌కీ అదే అనుభవం. అలాగని అభిమానులు ఎప్పుడూ తొందరపడతారని తేల్చేయడం అన్యాయం. 1997లో జార్జ్ క్లూనీ వేసిన బ్యాట్‌మ్యాన్ నిజంగానే బెడిసికొట్టింది. మళ్లీ బ్యాట్‌మ్యాన్ తెర మీదికి రావడానికి 2005 దాకా ఆగాల్సొచ్చింది. ఆ సినిమా విషయంలో క్లూనీ తర్వాతి రోజుల్లో క్షమాపణలు కూడా చెప్పుకున్నాడు.

ఇక మన వైపు. ఇక్కడ పాత్ర ముందు పుట్టింది బొమ్మల పుస్తకంలో కాదు, గుళ్లో, హరికథలో, పద్యనాటకంలో. గుంటూరు జిల్లా సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్య కృష్ణుడు వేస్తే పద్యం వినడానికి బళ్లు కట్టుకుని వెళ్లేవారు. ఆ రోజుల్లో కృష్ణుడికి కొలమానం గొంతు, రాగం, వన్స్‌మోర్. ఆకారం తర్వాతి సంగతి. సినిమా వచ్చి ఆ కొలమానాన్ని ముఖం వైపు తిప్పింది.

ఈ మలుపులో జరిగిన ఒక సంగతి నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. నందమూరి తారక రామారావు కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టి, విజయవాడలో, తర్వాత గుంటూరు ఏసీ కాలేజీలో చదువుకున్న మనిషి. ఆయన 1956లో ‘సొంత ఊరు’లో కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే జనం ఆదరించలేదు. ఆ దెబ్బకి కె.వి.రెడ్డి ‘మాయాబజార్’లో కృష్ణుడు వేయమంటే ఆయన వెనకాడారు. కె.వి.రెడ్డి పట్టు వదల్లేదు. వేషం మీద, నడక మీద, నిలబడే తీరు మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టారు. ఆ సినిమా కళాదర్శకుల్లో ఒకరైన మాధవపెద్ది గోఖలే గుంటూరు జిల్లా బ్రాహ్మణకోడూరు వాస్తవ్యులు. 1957 మార్చి 27న ‘మాయాబజార్’ వచ్చింది. ఏడాది కిందట జనానికి నచ్చని కృష్ణుడే కేలండర్లెక్కి ఇళ్లల్లోకి వచ్చేశాడు. మనిషి అదే, ముఖం అదే. మారింది కిరీటం, మేకప్, మాట, దర్శకుడి ఓపిక. కావిల్ మీదో కోరెన్స్‌వెట్ మీదో మాట విసిరే ముందు ప్రతి అభిమానీ తెలుసుకోవాల్సిన చరిత్ర ఇది అని నా గట్టి నమ్మకం.

అయితే అక్కడితో ఇంకో సమస్య మొదలైంది. పాత్ర మనిషి సొంతమైపోయింది. అమెరికాలో సూపర్‌మ్యాన్ కంపెనీది. మన దగ్గర కృష్ణుడు, రాముడు రామారావుగారివి. డెబ్బైల మొదట్లో బాపు ‘సంపూర్ణ రామాయణం’లో శోభన్‌బాబు రాముడు వేయడం సాహసంగానే అనిపించింది. 1977 సంక్రాంతికైతే ఏకంగా రెండు భారతాలు పోటీపడ్డాయి. జనవరి 14న ఒకే రోజు ‘దానవీరశూరకర్ణ’, ‘కురుక్షేత్రం’ విడుదలయ్యాయి. మొదటిదాంట్లో రామారావుగారు కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడూ తనే వేసి, తనే దర్శకత్వం చేశారు. రెండోదాంట్లో తెనాలి పక్క బుర్రిపాలెం నుంచి వచ్చిన కృష్ణ అర్జునుడు, శోభన్‌బాబు శ్రీకృష్ణుడు, కృష్ణంరాజు కర్ణుడు. ఈ జిల్లాల్లో అది కుటుంబాలకి కుటుంబాలు విడిపోయి మాట్లాడుకున్న పండగ. గెలుపు ‘దానవీరశూరకర్ణ’దే. కొండవీటి వెంకటకవి రాసిన మాటలు ఇప్పటికీ జనం నోట ఉన్నాయంటే, వేషంతో సమానంగా రాత కూడా గెలిచిందని అర్థం.

1980లో మరో చిత్రం జరిగింది. వి.మధుసూదనరావు దర్శకత్వంలో రామారావుగారే ‘సూపర్‌మ్యాన్’ అనే తెలుగు సినిమాలో నటించారు. అప్పటికి ఆయన వయసు 57. అమెరికా సూపర్‌మ్యాన్‌కి శక్తి వేరే గ్రహం నుంచి వస్తే, మనవాడికి హనుమంతుడి వరంగా వచ్చింది. అరువు తెచ్చుకున్నది కేప్, బిగుతు బట్టలు మాత్రమే. బలం ఎక్కడి నుంచి రావాలన్న విషయంలో తెలుగు ప్రేక్షకుడు రాజీపడలేదు.

డబ్బింగ్ సినిమాలు వచ్చాక రెండు దారులూ కలిశాయి. స్పైడర్‌మ్యాన్ విషయంలో టోబీ మగ్వైర్, ఆండ్రూ గార్‌ఫీల్డ్, టామ్ హాలండ్ తరాలవారీగా విడిపోయారు. ఎవరు చిన్నప్పుడు ఎవర్ని చూశారో వాళ్లకి అతనే ఒరిజినల్. 2021 డిసెంబరు 16న ‘నో వే హోమ్’లో ముగ్గురూ ఒకే ఫ్రేములో నిలబడితే హాలంతా ఈలలే. పద్యనాటకం రోజుల కొలమానం కూడా తిరిగొచ్చింది. 2018లో ‘ఇన్ఫినిటీ వార్’లో విలన్ థానోస్‌కి రానా దగ్గుబాటి తెలుగు గొంతు ఇస్తే, గొంతు కుదిరిందా లేదా అనే చర్చ సినిమా అంత సేపూ సాగింది.

మన ప్రాంతంలో దీనికి ఇంకో మంట తోడవుతుంది. విజయవాడ గాంధీనగర్ ఏళ్ల తరబడి సినిమా పంపిణీకి పెద్ద అడ్డా. వసూళ్ల లెక్కల్లో ఇప్పటికీ గుంటూరు వేరు, కృష్ణా వేరు. మొదటిరోజు షేర్ ఎంతో ఏరియాలవారీగా కంఠతా చెప్పే కుర్రాళ్లు ఇక్కడ వీధికొకడు దొరుకుతాడు. అభిమానానికి కులం అంటుకున్న సందర్భాలూ ఉన్నాయి, దాచిపెట్టి లాభం లేదు. ఇలాంటి చోట పెరిగినవాడు కావిల్‌ని కూడా మన హీరో అన్నట్టే చూస్తాడు. నటుణ్ని మార్చడం అతనికి సింహాసనం లాక్కోవడంలా తోస్తుంది. అమెరికా అభిమాని కామిక్ సంచిక నంబరు చూపించి వాదిస్తే, మనవాడు కలెక్షన్ చెప్పి వాదిస్తాడు. నన్ను నిజంగా బాధపెట్టేది ఇదే. పాత్ర గురించి మాట్లాడాల్సిన చోట అంకెలు వచ్చి కూర్చుంటున్నాయి.

అలా కాని సందర్భాలూ ఉన్నాయి. 2011లో ‘శ్రీరామరాజ్యం’లో సీతగా నయనతార ఏమిటని అభ్యంతరాలు వచ్చాయి, అదే పాత్రకి ఆమెకి నంది అవార్డు దక్కింది. 2022 అక్టోబరులో ‘ఆదిపురుష్’ టీజర్ చూసి జనం కోప్పడినప్పుడు కేవలం ప్రభాస్ మీద కోపం కాదది. రాముడికి మీసం, రావణుడి జుట్టు, గ్రాఫిక్స్, ఒక్కోటీ విడివిడిగా చర్చించారు. సంక్రాంతికి రావాల్సిన సినిమా జూన్ 16కి వెళ్లింది, విడుదలయ్యాక మాటలు కూడా మార్చాల్సొచ్చింది. 2024 జనవరి 12న ‘గుంటూరు కారం’తో పాటే వచ్చిన ‘హనుమాన్’లో తేజ సజ్జా చైల్డ్ ఆర్టిస్టుగా మొదలైన చిన్న హీరో. థియేటర్లు దక్కవన్న టెన్షన్ మధ్య విడుదలై ఆ సంక్రాంతికి పెద్ద హిట్ అయింది. 1980లో రామారావుగారి సినిమాకి మూలమైన ఆ హనుమంతుడే 44 ఏళ్ల తర్వాత ఇంకో సూపర్‌హీరోకి బలమిచ్చాడు.

అదే ఏడాది జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’ వచ్చి పాత భారతయుద్ధాన్ని మళ్లీ రాజేసింది. ప్రభాస్ కర్ణుడని తెలియగానే కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా అని మొదలైంది. విరాటపర్వంలో గోగ్రహణం నాడు ఏం జరిగిందో చూడమని అర్జునుడి పక్షం పుస్తకం తెరిచింది. కామిక్ సంచిక నంబరు చూపించడమంటే సరిగ్గా ఇదే, ఇలాంటి వాదన ఎంతసేపైనా వినాలనిపిస్తుంది. దర్శకుడు నాగ్ అశ్విన్ చేసిన ఒక పని మాత్రం నా దృష్టిలో చాలా తెలివైనది. ఆ సినిమాలో కృష్ణుడి ముఖం చూపించలేదు. ఎవర్ని చూపించినా పోలిక ఎవరితో వస్తుందో తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అందరి చూపూ ‘హనుమాన్’కి కొనసాగింపైన ‘జై హనుమాన్’ మీద. దర్శకుడు ప్రశాంత్ వర్మ హనుమంతుడి పాత్రకి రిషబ్ శెట్టిని తీసుకున్నట్టు 2024 అక్టోబరులో ప్రకటించినప్పటి నుంచి, కన్నడ నటుడు మన హనుమంతుడేమిటని కొందరు అడుగుతూనే ఉన్నారు. ఆ అభ్యంతరం నాకు లేదు, ఆయన శరీరంలో ఆ పాత్రకి కావలసిన జోరు ఉంది. నా సందేహం వేరే. సుందరకాండ పారాయణం వింటూ పెరిగిన చెవులకి ఆ పాత్ర నోట తెలుగు ఎలా వినిపించాలి, మాటలు ఎవరు రాస్తారు, గొంతు ఎవరిది? నేనైతే ముఖం కంటే ముందు వాటి గురించే అడుగుతాను.