వెయ్యి వాట్ల పెట్టెలో పదకొండు వాట్లు

బరంపురం నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడట మా ఎదురింటి బాబాయి ఆ యాంప్లిఫయర్‌ని. పర్లాకిమిడిలో దిగేసరికి రాత్రి ఎనిమిదయింది. అన్నం కూడా తినకుండా నేరుగా మా అరుగు మీదికి తెచ్చి దింపాడు. నల్లటి పెట్టె, ముందు నీలం లైట్లు, అద్దం మీద బంగారు రంగులో "1000 వాట్స్ పీఎంపీఓ" అని రాత. "హజారే వాట్ బాబూ, అన్నాడ్రా షాపువాడు. పాతదానికి ఎన్ని రెట్లో ఏటో!" అని మురిసిపోయాడు. మా వైపు బేరం ఒడియాలో మొదలై తెలుగులో తెగుతుంది. ఆ హజారే మాత్రం ఒడియాలోనే ఉండిపోయింది.

ఎత్తి చూశాను. తేలిగ్గా ఉంది. అప్పుడే అనుమానం వచ్చింది. "విప్పనా బాబాయ్?" అంటే ముందు గుండె పట్టుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు. నాలుగు స్క్రూలు తీస్తే లోపల ముక్కాలు వంతు ఖాళీ. ఓ మూల గుప్పెడంత ట్రాన్స్‌ఫార్మరు, దాని చీటీ మీద 12-0-12 (అంటే అటూ ఇటూ 12 వోల్టులు), 3 ఆంపియర్లు. వెయ్యి వాట్ల కథ ఆ చీటీ దగ్గరే అయిపోయింది.

లెక్క ఇంటర్ పిల్లలు వేసేదే. 12 వోల్టుల ఏసీ శిఖరం దగ్గర 17 వోల్టులు ఉంటుంది. డయోడ్లు ఓ వోల్టు తినేస్తాయి, 16 మిగులుతుంది. లోపలి చిప్పు తన ఖర్చుకి రెండు మూడు వోల్టులు ఉంచుకుంటుంది. స్పీకరు దాకా చేరేది ఎంత గట్టి దెబ్బకైనా పదమూడున్నర వోల్టులు. దాన్ని వర్గం చేసి, ఇది శిఖరం లెక్క కాబట్టి 8 ఓమ్‌ల స్పీకరుకి రెట్టింపు, అంటే 16తో భాగిస్తే 11 వాట్ల చిల్లర వస్తుంది. రెండు స్పీకర్లకీ కలిపి 22, 23. మిగతా తొమ్మిది వందల డెబ్బై ఎనిమిది వాట్లూ అద్దం మీది రాతలోనే ఉన్నాయి. పీఎంపీఓ, అంటే క్షణకాలపు గరిష్ఠ శక్తి, అనే మాటకి అందరూ ఒప్పుకున్న కొలత అంటూ లేదు, ఎవడికి తోచిన అంకె వాడు వేసుకోవచ్చు.

ట్రాన్స్‌ఫార్మరు చూసి జాతకం ఎలా చెప్పానో బాబాయికి అర్థం కాలేదు. యాంప్లిఫయర్ చిన్న శబ్దాన్ని సాగదీసి పెద్దది చేస్తుందని ఆయన ఊహ. చాలామంది ఊహ అదే. నిజానికి ఫోన్లోంచి వచ్చిన చిన్న సిగ్నల్ స్పీకరు దాకా అసలు రాదు. చెరువు తూము దగ్గర కూర్చుని తలుపు ఎత్తీ దించీ చేసే మనిషి లాంటిది అది. కాలువలో పారేది చెరువు నీరు. ఇక్కడ చెరువు అంటే గోడ ప్లగ్గు నుంచి వచ్చి, ట్రాన్స్‌ఫార్మరు దిగి, కెపాసిటర్లలో నిలవున్న కరెంటు. తలుపు ఎత్తేవాడు ఎంత బలశాలి అయినా చెరువు మట్టానికి మించి కాలువలో నీళ్లు లేవవు. అందుకే యాంప్లిఫయర్ కొనేటప్పుడు నేను వెనక్కి తిప్పి, వీలైతే విప్పి, ఆ చెరువు ఎంతుందో చూస్తాను.

బాబాయి ముఖం వాడిపోయింది. "అయితే పాతదే నయమా?" అన్నాడు. ఆ మాట మీద పాతదాన్ని కూడా మోసుకొచ్చాం. తొంభైల్లో ఇక్కడే ఓ మెకానిక్కు అసెంబుల్ చేసి ఇచ్చిన సెట్టు అది. రేకు పెట్టె, పైన తెల్ల గుడ్డ, ఇద్దరం పట్టుకోవాల్సినంత బరువు. ట్రాన్స్‌ఫార్మరు మీద 24-0-24 అని ఉంది. అదే లెక్క వేస్తే శిఖరం 30 వోల్టులు, 8 ఓమ్‌లకి 56 వాట్లు. స్పీకరు కరెంటు లాగితే వోల్టుల మట్టం కాస్త దిగుతుంది కాబట్టి 45 అనుకుందాం. వెయ్యి వాట్ల సెట్టుకి ఈ ముసలిది నాలుగు రెట్లు!

నాలుగు రెట్లు అన్నాను గానీ చెవికి అది నాలుగు రెట్లు వినపడదు. అసలు తిరకాసు ఇక్కడే. మన చెవి కూడికలు చేయదు, హెచ్చవేతలు చేస్తుంది. వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్‌లు, "కొంచెం పెరిగింది కదూ" అనిపించేంత. రెండింతలు గట్టిగా వినపడాలంటే సుమారు 10 డెసిబెల్‌లు కావాలి, అంటే పది రెట్ల వాట్లు. 40 వాట్లది ఇచ్చేసి 60 వాట్లది తెచ్చుకున్నవాడికి దక్కేది 2 డెసిబెల్‌ల లోపు. వాల్యూమ్ గుండీ కొంచెం తిప్పితే వచ్చే తేడా అది. దానికోసం డబ్బు పోసి, మోసుకొచ్చి, పాతది అటక ఎక్కిస్తారు. బదులుగా స్పీకర్ల చీటీ చదవండి: ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్‌లు అని ఉంటుంది. 87 ఉన్నదాని బదులు 90 ఉన్నది తెచ్చుకుంటే మీ యాంప్లిఫయర్ ఉన్నపళాన రెట్టింపు అయినట్టే, కరెంటు బిల్లు పెరగకుండా.

ఇక్కడో ప్రయోగం చేయొచ్చు, రెండు వందల రూపాయల మల్టీమీటరు చాలు. బాబాయి రోజూ వినే సౌండుకి వాల్యూమ్ పెట్టమన్నాను. సన్నాయి వాద్యం పెట్టాడు. మీటరుని ఏసీ వోల్టుల మీద ఉంచి రెండు ముల్లులూ స్పీకరు టెర్మినళ్లకి ఆనించాను. అంకెలు ఒకటికీ రెండుకీ మధ్య ఊగుతున్నాయి. రెండు వోల్టులే అనుకుందాం: వర్గం నాలుగు, ఎనిమిదితో భాగిస్తే అర వాటు. హాలంతా నిండిన ఆ సన్నాయి నడిచింది అర వాటు మీద. చవక మీటర్లు 50 హెర్ట్‌జ్ కరెంటు కోసం చేసినవి, కీచు శబ్దాలని సరిగా లెక్కపెట్టవు. కానీ పాటలో బలమంతా కింది స్వరాల్లోనే ఉంటుంది కాబట్టి అంచనా మరీ తప్పదు.

మరి అర వాటు చాలితే 45 ఎందుకు? మీటరు చూపించేది సగటు. సన్నాయి వెనకాల డోలు దెబ్బ పడినప్పుడు ఆ క్షణానికి సగటుకి పది రెట్లు, కొన్ని రికార్డింగుల్లో ముప్పై రెట్లు, కావాలి. అర వాటు సగటుకి 5 నుంచి 15 వాట్ల శిఖరాలు. నీలం లైట్ల పెట్టె అక్కడికే అంచున ఉంది. వాల్యూమ్ ఇంకొంచెం పెంచి సగటుని రెండు వాట్లు చేస్తే శిఖరాలు 20 నుంచి 60. చెరువులో అంత నీళ్లు లేవు. అప్పుడు తరంగం తల కత్తిరించినట్టు బల్లపరుపు అయిపోతుంది. యాత్రల్లో మైకుసెట్టు బర్రుమనడం మనందరం విన్నాం, అదీ ఇదే. తల తెగిన తరంగంలో అసలు పాటలో లేని పైస్వరాలు పుట్టుకొస్తాయి, అవి వెళ్లి చిన్న స్పీకరు మీద, అదే ట్వీటరు మీద, పడతాయి. "చిన్న యాంప్లిఫయరే కదా, పెద్ద స్పీకరుని ఏం చేస్తుంది" అని పూర్తిగా తిప్పేసేవాళ్ల ట్వీటర్లు కాలేది అందుకే. మామూలు ఇంటి హాలుకి, 87, 88 డెసిబెల్‌ల స్పీకర్లకి, నిజమైన 30 నుంచి 50 వాట్లు ఉంటే నాకు తృప్తి. అంతకు మించి కొనేవాళ్లని నేను ఆపను గానీ, సాయం మొయ్యడానికి మాత్రం వెళ్లను.

ఆ పరిధి దాటనంత వరకు నేటి యాంప్లిఫయర్లు పాటని పెద్దగా చెడగొట్టవు. దానికి దండం పెట్టాల్సిన మనిషి హెరాల్డ్ బ్లాక్. అమెరికాలో బెల్ లాబ్స్ ఇంజనీరు. దూరపు టెలిఫోను లైన్లలో వరసగా యాంప్లిఫయర్లు పెడితే ఒక్కోటీ కొంత కలగాపులగం చేసి, ఊరు చేరేసరికి మాట అర్థం కాకుండా పోయేది. 1927 ఆగస్టు 2న హడ్సన్ నది మీద పడవలో పనికి వెళ్తుండగా ఆయనకి ఉపాయం తట్టింది. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే బొమ్మ గీసుకున్నాడు. బయటికి వెళ్లే సిగ్నల్‌లో చిన్న వంతు తీసి, వెనక్కి తెచ్చి, లోపలికి వచ్చేదాన్లోంచి తీసెయ్యడం. అసలుకీ నకలుకీ ఉన్న తేడా అక్కడ బయటపడుతుంది, ఆ తేడానే దిద్దుబాటు అవుతుంది. పెంపు కొంత పోతుంది, తప్పులు కూడా దానితో పోతాయి. పెంచడానికే పుట్టిన యంత్రంలో పెంపుని కావాలని తగ్గించుకోవడం ఆ రోజుల్లో పిచ్చిమాటలా వినపడింది. 1928లో పెట్టిన పేటెంటు దరఖాస్తు 1937 దాకా మంజూరు కాలేదు. నేడు సాధారణ యాంప్లిఫయర్ డిస్టార్షన్, అంటే అది పాటకి చేసే చెడుపు, కూడా 0.1 శాతం లోపే ఉంటోంది. అదే స్పీకర్లు బేస్ దగ్గర ఒక శాతం సులువుగా దాటేస్తాయి. అందుకే పది రూపాయలుంటే ఏడు స్పీకర్లకే పెట్టమంటాను.

కొత్తది కొనాల్సి వస్తే మా ఊళ్లాంటి చోట్ల క్లాస్ డీ రకం చూడండి. వేసవి సాయంత్రాల్లో మా వీధిలో వోల్టేజి 190కి దిగడం నేను మీటరుతో చూశాను. పాత తరహా ట్రాన్స్‌ఫార్మరు సెట్టులో చెరువు మట్టం కూడా అంతే దిగుతుంది, వాట్లు దాని వర్గం లెక్కన, అంటే మూడో వంతు, ఊడిపోతాయి. ల్యాప్‌టాప్ అడాప్టరు లాంటి సప్లై అయితే 100 నుంచి 240 దాకా దేనికీ చలించదు. క్లాస్ డీ చిప్పు తలుపుని సగం ఎత్తి ఉంచే పని పెట్టుకోదు: పూర్తిగా తెరవడం, పూర్తిగా మూయడం, సెకనుకి కొన్ని లక్షల సార్లు. సగం ఎత్తిన తలుపు దగ్గరే వేడి పుడుతుంది కాబట్టి ఇది చల్లగా ఉండి, తొంభై శాతం దాకా కరెంటుని స్పీకరుకే ఇస్తుంది. టీపీఏ3116 అనే చిప్పు బోర్డుని 19 వోల్టుల పాత ల్యాప్‌టాప్ అడాప్టరుతో నడిపితే 8 ఓమ్‌లకి చానెలుకి 20 వాట్ల చుట్టూ వస్తాయి. ప్రకటనలో మాత్రం 50 అని ఉంటుంది. అది 4 ఓమ్‌లకి, 21 వోల్టులకి, పది శాతం డిస్టార్షన్ దగ్గర.

బాబాయి అసలు కొత్తది ఎందుకు కొన్నట్టు? అడిగితే అప్పుడు చెప్పాడు: పాతది గుయ్‌మంటోంది, గుండీ తిప్పితే గరగరమంటోంది, ఫోను పెడితే సౌండు రావట్లేదు. మూడిట్లో ఒక్కటీ వాట్ల జబ్బు కాదు. ఆ గుయ్ 100 హెర్ట్‌జ్, ఎండిపోయిన ఫిల్టరు కెపాసిటర్లది. వేడికి లోపలి ద్రవం ఆరిపోతుంది, పది డిగ్రీలు చల్లగా ఉంచితే వాటి ఆయుష్షు సుమారు రెట్టింపు. తెల్ల గుడ్డ కప్పి గాలి ఆడకుండా చేసింది ఎవరో నేను అడగలేదు. రెండు కెపాసిటర్లు మార్చాను. గుండీ లోపల కాంటాక్ట్ స్ప్రే కొట్టి పాతికసార్లు అటూ ఇటూ తిప్పాను. ఫోనుని ఆయన తప్పు సాకెట్‌లో పెడుతున్నాడు. పక్క సాకెట్‌లోకి మార్చాను. ట్రాన్స్‌ఫార్మరు వెనకాల రెండు బల్లి గుడ్లు కూడా ఉన్నాయి, వాటికీ సౌండుకీ సంబంధం లేదు.

మళ్లీ సన్నాయి పెట్టాం. మీటరు ముల్లులు అలాగే ఆనించి ఉన్నాయి. "పెంచు, ఇంకా పెంచు" అంటూ బాబాయి గుండీ మీద నుంచి చెయ్యి తియ్యట్లేదు. మీటరు నాలుగు వోల్టులు దాటింది. వంటింట్లోంచి పిన్ని "చెవులు పోతున్నాయి, ఆపుతారా ఆపరా!" అని కేకేసింది. లెక్క చూశాను. రెండు వాట్లు.