కారు గుద్దుకున్నాక కడుపులో ఏం జరుగుతుంది: అపోహలు, వాస్తవాలు

కర్నూలులో సర్జన్‌గా క్యాజువాలిటీలో నేను తరచూ వినే మాట ఒకటుంది. "సార్, ఒంటి మీద ఒక్క గీత కూడా పల్లేదు, యాడా రక్తం లేదు." ఆ మాట చెప్పేటప్పుడు ఇంటివాళ్ల ముఖంలో ఊరట కనిపిస్తుంది. నాకు మాత్రం అప్పుడే భయం మొదలవుతుంది.

అపోహ: పైకి గాయం లేకపోతే లోపల ఏం కానట్టే.

వాస్తవం: కారు డివైడర్‌కు కొట్టుకుని ఆగిపోతుంది. మనిషి ఆగడు, స్టీరింగో బెల్టో అడ్డుపడేదాకా ముందుకే పోతాడు. మనిషి ఆగినా లోపలున్నవి ఆగవు. కిలోన్నర బరువుండే లివర్ ఊగి, తనను పట్టి ఉంచే కట్ల దగ్గరే చిరుగుతుంది. ఎడమ పక్కటెముకల కింద గుప్పెడంత ఉండే ప్లీహం రక్తంతో నిండి మెత్తగా ఉంటుంది, సులువుగా పగులుతుంది. పేగులు స్టీరింగుకూ వెన్నెముకకూ మధ్య నలుగుతాయి. చర్మం సాగి మళ్లీ సర్దుకుంటుంది కాబట్టి పైన ఏమీ కనపడదు. 60 కిలోమీటర్ల స్పీడులో గోడకు గుద్దుకోవడమంటే 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే 4 అంతస్తుల మిద్దె మీద నుంచి పడినట్టు. అంత ఎత్తు నుంచి పడినవాణ్ణి గీత పడలేదని ఇంటికి తీసుకుపోతామా?

వెల్దుర్తి దగ్గర హైవే మీద డివైడర్‌కు కొట్టిన ఒక పిల్లోడు, పాతికేళ్లుంటాయి, కారు దిగి తనే క్రేన్ వాళ్లతో బేరమాడినాడు. సోడా తాగి ఇంటికి పోయినాడు. సాయంత్రానికి ఎడమ భుజం నొప్పి. ఊళ్లో నొప్పి సూది వేయించుకున్నాడు, వాళ్లమ్మ బామ్ రాసింది. రాత్రి 11కు మా దగ్గరికి తెచ్చేటప్పటికీ భుజం దగ్గర ఆ బామ్ వాసన పోలేదు. పెదవులు తెల్లగా పాలిపోయినాయి. చొక్కా ఎత్తి చూస్తే పొట్ట మీద ఏమీ లేదు. స్కానింగ్‌లో ఎడమ కిడ్నీ పక్కన నల్లటి చార, అది రక్తం. ప్లీహం చిరిగి కారిన రక్తం డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరం) కిందికి చేరితే నొప్పి భుజంలో తెలుస్తుంది, రెండింటి నరాలూ మెడ దగ్గర ఒకే చోట నుంచి వస్తాయి కాబట్టి. ఆపరేషన్ చేసినాం, బతికినాడు. "నేను బామ్ రాస్తా కూచుంటిని సామీ" అని ఆ తల్లి ఏడుస్తుంటే, తప్పు నీది కాదమ్మా అని ఎన్నిసార్లు చెప్పినానో.

అపోహ: బీపీ బాగుంది, భయం లేదు.

వాస్తవం: ఆ పిల్లోడి బీపీ 110, నాడి 130. వయసులో ఉన్నవాళ్లలో ఒంట్లో రక్తం దాదాపు 30 శాతం పోయేదాకా బీపీ నిలబడొచ్చు. ముందుగా పరిగెత్తేది నాడి.

అపోహ: ఒకసారి స్కాన్ బాగుందంటే ఇంటికి పోవచ్చు.

వాస్తవం: పేగుకు చిల్లు పడితే మొదటి గంటల్లో స్కాన్‌కు దొరక్కపోవచ్చు. అందుకే ఉంచుకుని మళ్లీ మళ్లీ పొట్ట నొక్కి చూస్తాం. బిల్లు కోసమని ఎవరో అన్న మాట నమ్మి సంతకం పెట్టి వెళ్లిపోకండి.

అపోహ: సీటు బెల్టే పేగుల్ని కోస్తుంది.

వాస్తవం: మెత్తటి పొట్ట మీద కట్టుకుంటే నలుపుతుంది. కింది పట్టీ తుంటి ఎముకల మీద ఉండాలి, గర్భిణులకు పొట్ట కింద నుంచి పోవాలి. బెల్టు లేకపోతే జరిగేది ఇంకా ఘోరం. పొట్ట మీద బెల్టు చార పడితే మాత్రం తప్పకుండా చూపించుకోండి.

లివర్, ప్లీహం చిరిగిన ప్రతివాళ్లకూ ఆపరేషన్ అక్కర్లేదు, నిలకడగా ఉంటే చాలామందికి పడుకోబెట్టి కనిపెట్టుకుంటే మానుతుంది. ప్లీహం తీసేసినా బతకొచ్చు, కానీ టీకాలు వేయించుకోవాలి, జ్వరమొస్తే ఆలస్యం చేయకూడదు. ఆస్పత్రికి చేర్చినవాళ్ల మీద కేసు పెడతారన్న భయమూ వద్దు, 2019 మోటారు వాహనాల చట్ట సవరణలో వాళ్లకు రక్షణ ఉంది.

ప్రమాదం జరిగితే సోడా, కాఫీ, నీళ్లు ఏవీ తాగించొద్దు, పొట్ట మర్దన చేయొద్దు. 108కు ఫోన్ చేయండి. వీలైతే కారు లోపల ఒక ఫొటో తీసి తెచ్చి మాకు చూపించండి. స్టీరింగ్ వంగి ఉంటే, పొట్ట మీద గీత లేకపోయినా నేను ఆ మనిషిని ఆ రాత్రి ఇంటికి పంపను.