సత్రమూ కాదు, హోటలూ కాదు

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం

చింటూకి, అమ్ములుకి అమ్మమ్మ దీవెనలు.

నిన్న ఫోన్‌లో చింటూ అడిగాడు కదా, "ఇన్ అంటే హోటలేగా అమ్మమ్మా, దానికింత బిల్డప్ ఎందుకు?" అని. అక్కడే చెబుదామనుకుంటే మీ తాతయ్య పక్కనుంచి అందుకున్నారు. ఆయన అందుకున్నాక ఇక నా మాట సాగేదుందా? అందుకే కాగితం పట్టుకు కూర్చున్నాను. ఈ సెలవుల్లో మీరు పిన్ని వాళ్ళింటికి వెళ్తున్నారనీ, బాబాయి రెండు రాత్రులకి ఇంగ్లండులో కొండలూ పల్లెలూ ఉన్న కాట్స్‌వోల్డ్స్‌లో ఒక ఇన్‌లో గదులు బుక్ చేశాడనీ విన్నాను. కిందటేడు అక్టోబరులో మమ్మల్ని తీసుకెళ్ళింది కూడా ఆ పక్కకే. మేం పడ్డ పాట్లు మీరు పడొద్దు, మాకు నచ్చినవి మీరు చూడకుండా రావొద్దు.

ముందు చింటూ ప్రశ్న. మన దగ్గర ఇడ్లీ తినే చోటూ హోటలే, లిఫ్టులో పైకెళ్ళి పడుకునే చోటూ హోటలే. ఇన్ ఆ రెండు పనులూ చేస్తుంది గానీ ఆ రెండిట్లో దేనిలాగానూ ఉండదు. పూటకూళ్ళ ఇల్లు అనే మాట విన్నారా? ఊళ్ళోకి వచ్చిన బాటసారికి డబ్బు తీసుకుని అన్నం పెట్టే ఇల్లు. దానికి పైన నాలుగు పడగ్గదులు వేసి, కింద రచ్చబండ తెచ్చి పెట్టారనుకోండి, అది ఇన్. కింద ఊరివాళ్ళు కూర్చుని కబుర్లాడుకుంటారు, పైన పరాయివాళ్ళు పడుకుంటారు. వట్టి పబ్ అయితే తిని, తాగి, ఇంటికి పోవాల్సిందే.

మేం దిగింది బర్‌ఫర్డ్ దగ్గర ఒక పల్లెలో. బర్‌ఫర్డ్ అంటే ఆక్స్‌ఫర్డ్‌కి పడమరగా ఓ ముప్ఫై కిలోమీటర్లు. ఊరి పెద్దవీధి కొండ మీంచి జారినట్టు దిగి, విండ్రష్ అనే చిన్న ఏటి మీద పాతకాలపు రాతి వంతెన దగ్గర ఆగుతుంది. ఇళ్ళన్నీ అక్కడి సున్నపురాయితో కట్టినవే. రాయి రంగు తేనెరంగు అని అందరూ అంటారు, నాకైతే నెయ్యి వేసి కలిపిన ముద్దపప్పు రంగులా కనిపించింది. ఒకప్పుడు గొర్రెల ఉన్ని అమ్మి సంపాదించిన డబ్బు అదంతా. అక్కడి పాత ఇన్‌లకి చాలావాటికి వీధి వైపు ఎత్తైన కమాను ఉంటుంది, చూడండి. గుర్రపు బండి పైన మనుషుల్ని ఎక్కించుకుని సరాసరి లోపలి వాకిట్లోకి రావాలి కదా, దానికోసం అంత ఎత్తు. ఇప్పుడక్కడ కార్లు పెట్టుకుంటున్నారు.

గుర్రాల సంగతి కొంచెం చెప్పాలి. 1784 ఆగస్టులో బ్రిస్టల్ నుంచి లండన్‌కి మొదటి టపా బండి నడిచింది. సాయంత్రం నాలుక్కి బయల్దేరి పొద్దున్న ఎనిమిదికి చేరింది, పదహారు గంటలు. అంతదూరం ఒకే గుర్రాలు పరిగెత్తలేవు. పది మైళ్ళకో మారు కొత్త గుర్రాల్ని కట్టాలి. ఆ మార్చే చోట్లే ఇన్‌లు. పగటిపూట బళ్ళయితే ఒక పక్క గుర్రాల్ని మారుస్తుంటే ఇంకో పక్క జనం గబగబా నాలుగు మెతుకులు తినేవాళ్ళు. మన హైవే మీద బస్సు ఆగినప్పుడు "పది నిమిషాలే" అని కండక్టర్ అరుస్తాడే, అదే టెన్షన్. 1841కి లండన్ నుంచి బ్రిస్టల్ దాకా రైలు పడింది. దాంతో ఆ దారిలో గుర్రాల పని అయిపోయింది. కొన్ని ఇన్‌లు మూతపడ్డాయి, కొన్ని ఊరివాళ్ళ సాయంత్రాల మీద బతికాయి.

అన్నట్టు చింటూ, ఇంగ్లండు చట్టం లెక్కలో నువ్వన్నదే నిజం. 1956లో చేసిన చట్టం ప్రకారం హోటల్ అన్నా ఇన్ అన్నా ఒకటే. డబ్బు కట్టగలిగి, చూడ్డానికి సరైన స్థితిలో ఉన్న ఏ బాటసారి వచ్చి అడిగినా తిండీ, చోటూ ఇచ్చేదే హోటల్ అని అందులో ఉంది. ఆ చట్టానికి ఎన్నో వందల ఏళ్ళ ముందునుంచీ అక్కడ ఇదే పద్ధతి. గది ఖాళీగా ఉండి, కారణం లేకుండా "పో" అనడానికి ఇన్ యజమానికి హక్కు లేదు.

లేదు అని రాశాను గానీ, 1943లో ఏమైందో వినండి. లియరీ కాన్‌స్టంటైన్ అని వెస్టిండీస్ క్రికెటర్, గొప్ప ఫీల్డర్. లార్డ్స్‌లో మ్యాచ్ ఆడటానికి భార్యాబిడ్డలతో లండన్ వచ్చి, ముందే బుక్ చేసుకున్న ఇంపీరియల్ హోటల్‌కి వెళ్ళాడు. నల్లవాళ్ళని ఉంచుకుంటే అక్కడ దిగిన అమెరికా వాళ్ళకి నచ్చదని, ఆ ఒక్క రాత్రికి మించి ఉండొద్దన్నారు. ఆయన వేరే హోటల్‌కి వెళ్ళాడు, కానీ ఊరుకోలేదు, కోర్టుకెక్కాడు. బాటసారిని కాదనకూడదన్న ఆ పాత పద్ధతి మీదే 1944లో కేసు గెలిచాడు. వచ్చింది ఐదు గినీలే, అంటే ఐదు పౌండ్ల పైన ఐదు షిల్లింగులు. డబ్బు మాట ఎవరిక్కావాలి! రంగుని బట్టి మనిషిని కాదనకూడదని అక్కడ ప్రత్యేకంగా చట్టం వచ్చింది 1965లో. ఈయన గెలిచిన ఇరవై ఒక్క ఏళ్ళకి. మేం మా ఇన్‌లోకి అడుగుపెట్టగానే కౌంటర్ వెనకున్నావిడ మీ తాతయ్యని "ఏం కావాలి, మై లవ్?" అంది. ఆయన ఖంగుతిని నా వంక చూశారు. అక్కడ అందరినీ అలాగే పిలుస్తారని పిన్ని చెప్పేదాకా సర్దుకోలేదు. నాకు నవ్వొచ్చింది, ఆ క్రికెటర్ కూడా గుర్తొచ్చాడు.

ఇక పాట్లు. మొదటిది నా నుదురు. ఆ పాత ఇళ్ళల్లో తలుపులూ దూలాలూ బాగా కిందికి ఉంటాయి. మా మెట్ల పైన దూలానికి "డక్ ఆర్ గ్రౌస్" అని చెక్కబోర్డు ఉంది. డక్ అంటే బాతు, గ్రౌస్ అంటే ఏదో అడవి కోడి, రాత్రికి వండుతున్నారు కాబోలు అనుకుంటూ చదువుతూనే నడిచాను, ఠప్పున తగిలింది. డక్ అంటే తల వంచమని కూడా అర్థమట, గ్రౌస్ అంటే సణగడమట. వంగు, లేకపోతే తర్వాత సణుక్కో అని. నేను రెండోది చేశాను.

రెండోది ఆకలి. మేం చేరేసరికి రాత్రి తొమ్మిది దాటి పది నిమిషాలైంది. వంటగది తొమ్మిదింటికే కట్టేశారు. బార్ తెరిచే ఉంది, జనం కూర్చునే ఉన్నారు, తిండి మాత్రం లేదు. ఎంత బతిమాలినా వేయించిన వేరుశనగలూ చిప్స్ ప్యాకెట్లూ తప్ప ఏమీ రాలేదు. అక్కడ చిప్స్ ప్యాకెట్‌ని క్రిస్ప్స్ అనాలి. చిప్స్ అంటే వేడివేడిగా లావుగా వేయించిన బంగాళదుంప ముక్కలు, అవి వంటగదివి కాబట్టి అవీ లేవు. చాలాచోట్ల మధ్యాహ్నం రెండున్నరకి పొయ్యి ఆపేసి మళ్ళీ ఆరింటికే వెలిగిస్తారు. బాబాయికి ముందే ఫోన్ చేసి టైములు కనుక్కోమనండి.

మర్నాడు ఆదివారం, మధ్యాహ్నం భోజనానికి కిందికి దిగి కిటికీ పక్క బల్ల చూసుకుని కూర్చున్నాం. ఇరవై నిమిషాలైనా ఎవరూ రారు. "పట్టించుకోవట్లేదు" అని మీ తాతయ్య గుర్రుమన్నారు. తప్పు మాదే. అక్కడ మనమే బల్ల మీది నంబరు చూసుకుని, బార్ దగ్గరికి వెళ్ళి, కావలసినవి చెప్పి, డబ్బు కట్టి రావాలి. తిండి మాత్రం బల్ల దగ్గరికి తెచ్చిపెడతారు. అన్ని చోట్లా ఇలాగే ఉండదు, కానీ ఎవరూ రాకపోతే ముందు లేచి కనుక్కోండి.

ఆ బార్ దగ్గర ఒక వింత ఉంది, అమ్ములూ, నీకు నచ్చుతుంది. బస్‌స్టాప్‌లో చీమల్లా వరసకట్టే ఆ జనం ఇక్కడ వరస కట్టరు. కౌంటర్ పొడుగునా ఎక్కడ పడితే అక్కడ నిలబడతారు. కానీ ఎవరి తర్వాత ఎవరో అందరికీ తెలుసు! ఆవిడ నన్ను అడిగితే, పక్కనున్న ముసలాయన్ని చూపించి "ముందు ఆయన" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. చిటికెలు వేసినా, నోటు ఊపినా నీ వంతు వెనక్కే పోతుంది. ఇంకోటి, లెమనేడ్ అడిగితే నిమ్మకాయ నీళ్ళు రావు, తెల్లటి సోడా వస్తుంది. బీరు జోలికి పద్దెనిమిది నిండేదాకా పోనక్కర్లేదు, చింటూ. పంపు లాగి గ్లాసు నింపడం మాత్రం చూడు. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు, చుక్క తక్కువైనా వాళ్ళు ఊరుకోరు.

ఆదివారం భోజనాన్ని సండే రోస్ట్ అంటారు. కాల్చిన మాంసం, కరకరలాడే బంగాళదుంపలు, క్యారెట్లు, క్యాబేజీ, వీటన్నిటి మీదా గ్రేవీ. మీ తాతయ్య మాంసం ముట్టరు కాబట్టి ఆయనకి జీడిపప్పూ వాల్‌నట్లూ నూరి కాల్చిన నట్ రోస్ట్ తెచ్చారు. నా చూపంతా పళ్ళెం మూలనున్న యార్క్‌షైర్ పుడ్డింగ్ మీద. పుడ్డింగ్ అన్నారని తియ్యగా ఉంటుందనుకోకండి. మైదా, గుడ్లు, పాలు కలిపి దోశపిండి కంటే పల్చగా జారుగా చేస్తారు. అచ్చుల్లో కొవ్వు పోసి, పొగలొచ్చేదాకా ఓవెన్‌లో కాగబెట్టి, అందులో ఈ పిండి పోస్తే చుయ్‌మని, అంచుల వెంట పైకి లేస్తుంది. మధ్యలో ఓవెన్ తలుపు తీశారా, పొంగిన పూరీని చిల్లు పొడిచినట్టు కూలిపోతుంది. బయట కరకర, లోపల మెత్తగా బోలు, ఆ గుంటలో గ్రేవీ పోసుకోవాలి. పూర్వం మాంసం ఖరీదు కాబట్టి ముందు ఇది పెట్టి కడుపు సగం నింపేసేవారట. పిసినారి తెలివి అయినా రుచికి వంక పెట్టలేను.

అయితే శాకాహారులు అడిగి తినాలి. పాత పద్ధతిలో ఆ కొవ్వు ఆవుది. చిప్స్ కూడా కొన్నిచోట్ల అందులోనే వేయిస్తారు. గ్రేవీ మాంసం రసం. వుస్టర్ సాస్ అని పుల్లగా నల్లగా ఉండేదాంట్లో చేపలుంటాయి. ఇవన్నీ అడిగితే ఎవరూ విసుక్కోలేదు, ఆవిడ వంటగదిలోకి వెళ్ళి డబ్బా మీది లేబుల్ చదివి వచ్చి మరీ చెప్పింది. చప్పగా ఉంటుందని మీ అమ్మ భయపెట్టి ఉంటుంది. పసుప్పచ్చగా ఇంగ్లిష్ మస్టర్డ్ అని చిన్న గిన్నెలో పెడతారు, గోరంత నాకండి చాలు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర తిన్నప్పుడు ముక్కులోంచి నడినెత్తికి ఎక్కుతుందే, అదే ఘాటు. మీ తాతయ్య గిన్నె ఖాళీ చేశారు.

ప్లౌమన్స్ లంచ్ అని కూడా బోర్డు మీద కనిపిస్తుంది. రొట్టె, పెద్ద చీజ్ ముక్క, తీపిపులుపు పచ్చడి, ఆపిల్. పేరు వింటే వెయ్యేళ్ళుగా నాగలి పట్టిన రైతు తిన్న చద్దిలా లేదూ? రైతులు రొట్టే చీజూ తిన్నమాట నిజమే, కానీ ఆ పేరుని ఊరూరా తిప్పింది 1950ల్లో చీజ్ బ్యూరో అనే సంస్థ. యుద్ధకాలంలో పెట్టిన రేషన్ 1954లో పూర్తిగా ఎత్తేశారు, చీజ్ అమ్ముడుపోవాలి మరి. చివర్లో స్టికీ టాఫీ పుడ్డింగ్ చెప్పండి. ఖర్జూరం వేసిన కేకు మీద వేడిగా బెల్లంపాకంలాంటి సాస్. ఒకటి తెప్పించి నలుగురూ పంచుకోండి, చాలా బరువు.

గది గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నేల ఒక పక్కకి వాలుగా ఉంటుంది, అమ్ములు గోళీ పెడితే మంచం కిందికి దొర్లిపోతుంది. వాష్‌బేసిన్‌కి వేడినీళ్ళ కుళాయి వేరే, చన్నీళ్ళది వేరే, కాలుతుంది జాగ్రత్త. కెటిల్, టీ పొట్లాలు, బిస్కెట్లు పెట్టి ఉంచుతారు. గదిలో ఎక్కువసేపు ఉండొద్దు, కిందికి దిగండి. చలి కాచుకునే పొయ్యి గదంత ఉంటుంది, లోపలే అటూ ఇటూ బల్లలు. ఆ ఆదివారం వాన. పొలాల వెంట నడిచొచ్చిన వాళ్ళు బురద బూట్లు గుమ్మం దగ్గర విప్పి, మేజోళ్ళతో వచ్చి మంట ముందు కాళ్ళు చాపారు. వాళ్ళ నల్లకుక్క నా చెప్పు మీద తల పెట్టి నిద్రపోయింది. తడికుక్క వాసన, కట్టెపొగ వాసన. పావుగంట కాలు కదపలేదు నేను. రాత్రి పదకొండు కావస్తుండగా ఆవిడ ఇత్తడి గంట మోగించింది, ఇక ఆఖరి ఆర్డర్లు అని. జనం ఏ గొడవా లేకుండా కోట్లు తొడుక్కున్నారు.

పొద్దున్న ఫలహారంలో నల్లగా గుండ్రంగా బ్లాక్ పుడ్డింగ్ పెడతారు. అది పంది రక్తంతో చేసేది, తెలిసి తినేవాళ్ళు తినొచ్చు. టోస్టు మీద నారింజ తొక్కల మార్మలేడ్ మాత్రం వదలొద్దు.

ఇంకొక్కటి. ప్రతి ఇన్ ముందూ ఒక బొమ్మల బోర్డు వేలాడుతుంది. 1393లో రెండో రిచర్డ్ రాజు, ఏల్ అనే బీరు కాచి అమ్మే ప్రతి ఇంటి ముందూ గుర్తు కట్టాల్సిందేనని ఆజ్ఞ వేశాడు. చదువురాని జనానికి బొమ్మే అడ్రసు. తెల్ల మగజింక ఉంటే వైట్ హార్ట్, అది ఆ రాజు చిహ్నం. ఆకుల మధ్య కిరీటం ఉన్న చెట్టు కనిపిస్తే రాయల్ ఓక్. 1651లో యుద్ధంలో ఓడిపోయిన రెండో చార్లెస్ రోజంతా ఓక్ చెట్టు కొమ్మల్లో దాక్కున్నాడు, ఆ చెట్టే అది. మా ఇన్ బోర్డు వానకి చీకిపోయి, ఏ జంతువో నాకూ తాతయ్యకీ ఇప్పటికీ కుదరలేదు. గొర్రె అని నేను, సింహం అని ఆయన. మీరు దిగినచోట ఏ బొమ్మ ఉందో అమ్ములు గీసి పంపాలి. దారిలో మాది కూడా వస్తుంది, బాబాయికి చోటు తెలుసు, కారాపి చూసి ఫోన్ చేయండి. గొర్రె అయితే నాకే చెప్పండి.

తల జాగ్రత్త.

మీ
అమ్మమ్మ