మనసులోని టెన్షన్ కణం దాకా ఎలా వెళ్తుంది?

2004లో ఎలిస్సా ఎపెల్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ అనే శాస్త్రవేత్తల బృందం అమెరికాలో 58 మంది తల్లులను పరీక్షించింది. వారిలో 39 మంది దీర్ఘకాలిక జబ్బున్న బిడ్డను ఇంట్లోనే చూసుకుంటున్నవారు. తల్లులకు మాత్రం ఏ జబ్బూ లేదు. అయినా బిడ్డకు సేవ చేస్తున్న ఏళ్లు పెరిగేకొద్దీ వాళ్ల ఒంట్లో ఆక్సిజన్ రసాయన చర్యల వల్ల కణాలకు జరిగే ఆక్సీకరణ నష్టం గుర్తులు ఎక్కువగా కనిపించాయి. క్రోమోజోముల చివర్లను కాపాడే టెలోమియర్లు పొట్టిగా ఉన్నాయి. తర్వాత వచ్చిన పెద్ద విశ్లేషణల్లో ఒత్తిడికీ టెలోమియర్లకూ ఉన్న సంబంధం బలహీనంగానే తేలింది. కానీ దిగులు రసాయన చర్యగా మారే దారి మాత్రం చాలావరకు తెలిసిందే.

భయమేసినా, బాధ కలిగినా మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథిని కదిలిస్తుంది. అది కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులకు కబురు పంపుతుంది. నరాల ద్వారా నేరుగా అందే సంకేతంతో వెంటనే అడ్రినలిన్, పిట్యూటరీ కబురుతో కాస్త ఆగి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్లు రక్తంలోకి వస్తాయి. పారిపోవడానికో, ఎదిరించడానికో చక్కెరలు, కొవ్వులు కరిగి ఒంటికి ఇంధనం అందుతుంది. గండం గడిచాక అంతా సర్దుకోవాలి. నెలల తరబడి టెన్షన్ పడేవారికి ఆ సర్దుకోవడమే ఉండదు.

ఇంధనాన్ని శక్తిగా మార్చేది కణంలోని మైటోకాండ్రియా. ఆ పనిలో కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి ఆక్సిజన్‌కు తగులుకుంటాయి, సూపర్ఆక్సైడ్ పుడుతుంది. దాన్ని ఎస్‌ఓడీ అనే ఎంజైము హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది, కెటలేజ్ లాంటివి దాన్ని నీరుగా మార్చేస్తాయి. ఈలోగా ఆ పెరాక్సైడ్‌కు ఇనుము తగిలిందంటే హైడ్రాక్సిల్ రాడికల్ తయారవుతుంది. అది పక్కనున్న దేన్నీ వదలదు: కణపు పొరలోని కొవ్వు, ప్రోటీన్, డీఎన్ఏ. మెదడుకు ఈ ముప్పు మరీ ఎక్కువ. ఒంటి బరువులో సుమారు 2 శాతమే ఉన్నా ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది, పైగా అందులో త్వరగా ఆక్సీకరణ చెందే కొవ్వులు మెండు.

చైనా వైద్యులు ఒత్తిడికి శతాబ్దాలుగా ఇచ్చే మందుల్లో ఒకటి షియావోయావ్ సాన్. సాంగ్ వంశ రాజుల కాలంలో ప్రభుత్వ ఔషధశాల కోసం కూర్చిన మందుల మిశ్రమాల్లో అది ఉంది. చైహూ వేరు, డాంగ్‌గుయ్, తెల్ల పియోనీ వేరు, ఫూలింగ్ అనే పుట్టగొడుగు జాతి శిలీంధ్రం, అతిమధురం, అల్లం, పుదీనా అందులోని కొన్ని దినుసులు. దిగమింగిన కోపం, దుఃఖం కాలేయంలో ప్రాణశక్తి ప్రవాహాన్ని అడ్డుకుంటాయని వారి వివరణ. పైన చెప్పిన సూపర్ఆక్సైడ్, హైడ్రాక్సిల్ లాంటి ఫ్రీ రాడికల్స్ ఊసు అందులో లేదు.

ఈ మందును ఇప్పుడు ఎలుకల మీద పరీక్షిస్తున్నారు. వారాల పాటు వాటి పడకను తడిపేస్తారు, బోను వంచి పెడతారు, పగలూ రాత్రీ తారుమారు చేస్తారు. పాపం, కొన్నాళ్లకు వాటికి తీపి నీళ్ల మీద కూడా ఆసక్తి పోతుంది. మందు పట్టించిన ఎలుకలు కొంత తేరుకున్నాయని, వాటిలో ఎస్‌ఓడీ పెరిగిందని, కొవ్వులు పాడైనప్పుడు పుట్టే మాలోన్‌డైఆల్డిహైడ్ తగ్గిందని పలు పరిశోధనలు చెబుతున్నాయి. ఈ ఫలితాలను నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఎలుక తేరుకోవడం వల్ల ఎస్‌ఓడీ పెరిగిందా, ఎస్‌ఓడీ పెరగడం వల్ల ఎలుక తేరుకుందా అన్నది ఈ రెండు అంకెలతో తేలదు. మనుషుల మీద జరిగిన పరీక్షల్లో చాలావాటిలో రోగులు తక్కువ, ఏది మందో ఏది ఉత్తుత్తి గోళీయో తెలియనివ్వని కట్టుదిట్టం కూడా తక్కువ.

యాంటీ ఆక్సిడెంట్ అనగానే మేలే జరుగుతుందనుకోవడానికీ లేదు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవారితో జరిగిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. యాంటీ ఆక్సిడెంట్ అయిన బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది.

షియావోయావ్ సాన్‌లోని అతిమధురాన్నే చూడండి, మన ఇళ్లలోనూ దగ్గుకు చప్పరిస్తాం. అందులోని గ్లైసిరైజిన్, కిడ్నీలో కార్టిసాల్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమును అడ్డుకుంటుంది. ఎక్కువగా, ఎక్కువ కాలం తీసుకుంటే ఒంట్లో ఉప్పు నిలిచిపోయి, పొటాషియం పడిపోయి, బీపీ పెరుగుతుంది. ఒత్తిడి తగ్గాలని తీసుకునే మందులోని దినుసే ఒత్తిడి హార్మోను మీద ఇలా పని చేస్తుంది కాబట్టి, బీపీ మాత్రలు వాడేవారు ఈ మందు సంగతి తమ డాక్టరుకు ముందే చెప్పి తీరాలి.