డయాలసిస్ ఉచితమే కదా, ఇక సేవాసంస్థ దేనికి? ఉద్దానం నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ రోగుల ఇళ్ళకూ, మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకూ తిరిగి పనిచేసే చిన్న సంస్థ మాది. చందాలకు వెళ్తే ఇచ్చేవాళ్ళూ అడుగుతారు, ఇవ్వనివాళ్ళూ అడుగుతారు. ప్రశ్నలు మాత్రం అవే. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: వైద్యం ప్రభుత్వమే ఉచితంగా చేస్తోంది, ఇక మీకు చందాలెందుకు?

చేస్తోంది, నిజమే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం కింద డయాలసిస్‌కు రోగి డబ్బు కట్టక్కర్లేదు. సోంపేట, పలాస, కవిటిలో యంత్రాలున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, దానితోపాటు 200 పడకల ఆసుపత్రి తెరిచారు. డయాలసిస్ అంటే విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు పరుగెత్తిన రోజులు చూసినవాళ్ళకి ఇది ఎంత పెద్ద మార్పో తెలుసు.

కానీ ఉచితమైంది యంత్రం పక్కన పడుకునే ఆ నాలుగు గంటలే. వారానికి రెండు మూడుసార్లు ఆ మంచం దాకా చేరడం, తిరిగి ఇల్లు చేరడం ఇంటివాళ్ళ మీదే పడుతుంది. డయాలసిస్ అయ్యాక చాలామందికి బీపీ పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి. బస్సులో నిలబడి రాలేరు, ఒంటరిగా పంపనూ లేం. తోడు వెళ్ళే మనిషికి ఆ రోజు కూలి పోతుంది. పలాస జీడిపప్పు కార్ఖానాలో పప్పు ఒలిచే ఇల్లాలు వారంలో మూడు రోజులు మొగుడితో సెంటరుకు వెళ్తే, ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో లెక్క వేయండి. అందుకే నెలాఖరు వచ్చేసరికి మగాయన అంటాడు: "ఈవారం ఒకటి మానేద్దుం, ఏటవుద్ది?"

ఏమవుతుందంటే, మూత్రం రాని మనిషికి తాగిన నీరంతా ఒంట్లోనే నిలుస్తుంది. కాళ్ళు పొంగుతాయి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి రాత్రిపూట పడుకోలేక కూర్చుండిపోతారు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, దానికి చాలాసార్లు ముందస్తు హెచ్చరిక కూడా ఉండదు. అందుకే మా ఖర్చులో పెద్ద భాగం ఆటోలకే పోతుంది. ఈ మాట చెబితే కొందరి మొహం వాడిపోతుంది. "ఆటో కిరాయిలకా మేం ఇచ్చేది?" అంటారు. అవునండీ, ఆటో కిరాయిలకే. ఒకే దారిలో ఉన్న ముగ్గురు రోగులకు ఒకే రోజు, ఒకే షిఫ్టు ఇప్పించడానికి సెంటరువాళ్ళను బతిమాలడం కూడా మా పనే. అది కుదిరితే ముగ్గురూ ఒకే ఆటోలో వెళ్తారు, తోడు ఒక్కరు సరిపోతారు, మిగతా ఇద్దరి కూలి పోకుండా ఉంటుంది. దీనికి శిలాఫలకం వేయరు, ఫొటో కూడా రాదు.

అపోహ: ఈ కిడ్నీ జబ్బుకు ఉద్దానం నీళ్ళే కారణం. నీళ్ళు మార్చేస్తే మీ పని అయిపోతుంది.

ఫలానాదే కారణమని ఇప్పటివరకు ఏ అధ్యయనమూ తేల్చలేదు. నీళ్ళు, పురుగుమందులు, ఎండలో నీళ్ళు తాగకుండా చేసే కష్టం, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం ఇలా అన్నిటినీ పరిశోధకులు వెతికారు, వెతుకుతున్నారు. హిరమండలం జలాశయం నుంచి మంచినీళ్ళు తేవడం మంచిదే, కారణం ఏదైనా మంచిదే. కానీ పోయిన కిడ్నీ దానితో తిరిగిరాదు. మేం ఊళ్ళలో గట్టిగా చెప్పేది ఒకటే: ఒళ్ళునొప్పులని కిరాణా కొట్లో మాత్రలు కొని వేసుకోవద్దు. బీపీ, షుగరు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూపించుకోండి.

అపోహ: డయాలసిస్ సెంటర్లో పళ్ళు, కొబ్బరిబోండాలు పంచితే పుణ్యం.

పుట్టినరోజులకూ వర్ధంతులకూ మాకు ఎక్కువగా వచ్చే ఫోను ఇదే. ఉద్దానమంటే కొబ్బరి చెట్లే కాబట్టి బోండాలు గుర్తురావడం సహజం. మామూలు మనిషికి అమృతం లాంటి కొబ్బరినీళ్ళు కిడ్నీ పనిచేయని మనిషికి ప్రమాదం, ఎందుకంటే అందులో పొటాషియం మెండు. అరటిపండు, బత్తాయి, ఎండు ఖర్జూరం, కిస్‌మిస్ కూడా అంతే. ఒకసారి ఒక కుటుంబం బుట్టనిండా అరటిపళ్ళు తెచ్చింది. మా కార్యకర్త అమ్మాయి గుమ్మం దగ్గరే ఆపి, నొప్పించకుండా చెప్పి, ఆ బుట్టను తోడు వచ్చినవాళ్ళకు పంచిపెట్టించింది. తోడు వచ్చినవాళ్ళూ పొద్దున్నుంచి ఏమీ తినకుండా కూర్చున్నవాళ్ళేగా!

రోగులకే పెట్టాలనుకుంటే ఉడికించిన గుడ్డులో తెల్లసొన, ఇడ్లీ, ఒక చిన్న యాపిల్ ముక్క సరే. చట్నీలో ఉప్పు తక్కువ. ఎవరికి ఎంత పెట్టాలో ముందు సెంటర్లో సిస్టర్‌ని అడగండి. డయాలసిస్ మొదలయ్యాక మాంసకృత్తులు ఎక్కువ కావాలి, మొదలవ్వకముందు తక్కువ తినమంటారు. ఇది తెలియక "డాక్టరు గుడ్డు మానమన్నాడు" అని పాత మాటే పట్టుకుని, డయాలసిస్ మీదుండి కూడా ఎండిపోయేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

అపోహ: పింఛను, పథకాల కాగితాలు వాళ్ళే పెట్టుకోగలరు. సచివాలయం ఊళ్ళోనే ఉంది కదా.

ఒకామె ఇంటికి వెళ్ళినప్పుడు దూలానికి వేలాడుతున్న పాలిథిన్ సంచి దించి నా ముందు కుమ్మరించింది. మూడు ఆసుపత్రుల చీటీలు, ఎప్పటిదో స్కానింగు ఫిల్ము, రేషన్ కార్డు జెరాక్సులు, ఆధార్ రెండు కాపీలు. ఒకదాంట్లో ఇంటిపేరు పుట్టింటిది, ఇంకోదాంట్లో అత్తింటిది. జీవితమంతా కొబ్బరి పీచు వలిచిన చేతులు, వేలిముద్రలు అరిగిపోయాయి. "ఏటి బాబూ, నా ఏలు నాది కాదంతంది ఆ మిసను" అంది నవ్వుతూ. కోపం రావాల్సిన చోట నవ్వడం ఈ ప్రాంతంవాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య.

ఆ సంచిలో ఉన్నవాటితో ఏ పనీ జరగదు. ఏ కాగితం తాజాగా తీసుకోవాలో, ఏ డాక్టరు సంతకం చెల్లుతుందో, పేరు ముందు ఎక్కడ సరిచేయించాలో వరస తెలియాలి. వరస తప్పితే మళ్ళీ మొదటికే. రాష్ట్రంలో డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు 10,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 రూపాయల పింఛను ఉంది. మా చందా పుస్తకంలోని మొత్తంతో అలాంటి ఇళ్ళను ఎన్నిటిని నెలనెలా పోషించగలం? అదే డబ్బుతో మా కార్యకర్త నాలుగుసార్లు ఆఫీసుకు తిరిగి ఒక పింఛను తెప్పిస్తే, అది ఆ ఇంటికి ప్రతి నెలా వస్తుంది. అందుకే బియ్యం మూట కంటే కాగితానికే ముందు చూస్తాం.

క్షయ రోగులదీ ఇదే కథ. క్షయ రోగుల తిండి కోసం నిక్షయ్ పోషణ్ కింద కేంద్రం ఇచ్చే నెలకు 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. అది నేరుగా బ్యాంకు ఖాతాలో పడాలి. ఖాతా మూతపడి ఉన్నా, ఆధార్ కలవకపోయినా ఆగిపోతుంది. ఆరు నెలల మందులు ముగిసిపోయాక డబ్బు పడితే తిండికి ఏం పనికొస్తుంది?

అపోహ: సేవ చేయాలనే మనసుంటే చాలు. జీతాలు తీసుకునేది సేవాసంస్థ ఎలా అవుతుంది?

ఈ మాట విన్నప్పుడు నాకు కొంచెం ఒళ్ళు మండుతుంది, దాచను. మంచి మనసున్న కుర్రాళ్ళు ఆదివారం హెల్త్ క్యాంపు పెట్టి, వరసలో వచ్చిన డయాలసిస్ రోగికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషను చేసి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికే బీపీ పట్టీ బిగించబోవడం చూశాను. ఆ చేయి వాళ్ళ ప్రాణాధారం. దానికి పట్టీ కట్టకూడదు, రక్తం తీయకూడదు, బరువు మోయించకూడదు. అది గడ్డకట్టి మూసుకుపోతే మళ్ళీ ఆపరేషను, మళ్ళీ వారాల తరబడి నిరీక్షణ, అప్పటిదాకా మెడలో గొట్టం, గొట్టంతో ఇన్‌ఫెక్షన్ భయం. మనసుతోపాటు శిక్షణ కావాలి. శిక్షణ పొందిన మనిషి ఏడాదంతా నిలవాలంటే జీతం కావాలి. మంచం పుండు శుభ్రం చేసే నర్సమ్మకు మేం ఇచ్చేది కూడా ఆమె చదువుకు తగ్గ జీతం కాదు.

"నూటికి నూరు రూపాయలూ పేదలకే" అని చెప్పే సంస్థను నేనైతే ఇంకో ప్రశ్న వేస్తాను: మరి ఆడిట్ ఎవరు చేశారు, పెట్రోలు ఎవరు పోశారు?

అపోహ: అమెరికాలో ఉన్న మావాడు మీ ఖాతాకు డైరెక్టుగా పంపేస్తాడు.

వెంటనే పంపకూడదు, ముందు ఆగి అడగండి. ఇక్కడ తేల్చేది ఎక్కడ ఉంటున్నాడన్నది కాదు, చేతిలో ఏ పాస్‌పోర్టు ఉందన్నది. భారత పాస్‌పోర్టు ఉన్నవారు, గ్రీన్ కార్డు ఉన్నా సరే, తమ సొంత పొదుపు నుంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు కాపీ తీసుకుని రసీదిస్తాం. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు, భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, ఇక్కడికి వచ్చినప్పుడు రూపాయల్లో చేతికిచ్చినా అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషను ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి. రిజిస్ట్రేషనుకు కనీసం మూడేళ్ళ పని, ఆ మూడేళ్ళలో 15 లక్షల ఖర్చు చూపాలి. మాలాంటి చిన్నవాళ్ళకు అది కొండే. ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత, ఆ డబ్బు తీసుకున్న పెద్ద సంస్థ మాలాంటి చిన్న సంస్థకు మళ్ళించే వీలు కూడా పోయింది.

"అన్నయ్య ఖాతాకు పంపి అక్కణ్ణుంచి ఇప్పిస్తాం" అని కొందరు చిట్కా చెబుతారు. మేం తీసుకోం. ఒక్క విరాళం కోసం సంస్థ మొత్తాన్ని చిక్కుల్లో పెట్టలేం.

అపోహ: 80జీ రసీదు ఉంటే ఇచ్చిందంతా పన్నులో వెనక్కి వస్తుంది.

రాదు. మాలాంటి సంస్థకు 10,000 రూపాయలిస్తే అందులో సగం, అంటే 5,000 మీ పన్ను లెక్క ఆదాయంలోంచి తగ్గుతుంది. 20 శాతం శ్లాబులో ఉంటే మిగిలేది వెయ్యి పైచిలుకు. అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే, కొత్త విధానంలో లేదు. 2,000 రూపాయలు దాటిన నగదుకు, మందులకు, బట్టలకు ఈ మినహాయింపు వర్తించదు. బట్టల మాట వచ్చింది కాబట్టి: 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను పడగొట్టినప్పుడు ఈ వైపు ఊళ్ళకు కావలసింది తాగునీళ్ళు, టార్పాలిన్లు, దోమతెరలు. పాత చీరల మూటలు పంపాలనుకునేవాళ్ళు ముందు ఫోన్ చేసి అడిగితే మంచిది.

అపోహ: చనిపోయినవారి మంచం, వీల్‌చెయిరు, మిగిలిన మందులు ఇంకొకరికి ఇవ్వడం అశుభం.

ఇందులో మందుల వరకు ఇవ్వకూడదన్నది నిజమే, కారణం వేరు. కత్తిరించిన స్ట్రిప్పు మీద చాలాసార్లు గడువు తేదీ, బ్యాచి నంబరు ఉండవు. ఇన్సులిన్ ఎన్నాళ్ళు ఫ్రిజ్ బయట ఉందో మాకు తెలియదు. అలాంటివి తీసుకోం. విప్పని పెద్దల డైపర్లు, డ్రెస్సింగ్ సామాను, గ్లౌజులు మాత్రం సంతోషంగా తీసుకుంటాం.

వస్తువుల సంగతి వేరు. వాకర్, కమోడ్ కుర్చీ, ఎయిర్ బెడ్ (పంపుతో గాలి నిండే పరుపు), గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కాన్సన్‌ట్రేటర్ మేం అప్పుగా ఇస్తాం, అవసరం తీరాక వెనక్కి తెచ్చి శుభ్రం చేసి ఇంకో ఇంటికి పంపుతాం. పోయినవాళ్ళ వస్తువని గడప దాటనివ్వనివాళ్ళు మొదట్లో చాలామందే. వాదించం. బ్లీచింగ్ నీళ్ళతో తుడిచి ఎండలో పెట్టామని చెప్పి, ఊళ్ళో పూజారిగారో పాస్టరుగారో ఒక మాట అంటే, అప్పుడు తీసుకుంటారు.

సభ పెట్టి పంచే పెద్ద వీల్‌చెయిర్లు మా ఊళ్ళ ఇళ్ళకు చాలావరకు పనికిరావు. గుమ్మం ఇరుకు, గడప ఎత్తు, పెరట్లో మరుగుదొడ్డి దాకా ఇసక. ఇచ్చేముందు గుమ్మం కొలిచి రమ్మని మావాళ్ళను పంపుతాం. కొన్ని ఇళ్ళకు వాకరూ, మంచం పక్కన కమోడ్ కుర్చీ ఉంటే వీల్‌చెయిరు అక్కరే ఉండదు.

ఈ సామానులో ఎప్పుడూ చాలనిది ఎయిర్ బెడ్. అది ఉన్నా రెండు గంటలకొకసారి రోగిని పక్కకు తిప్పక తప్పదు, కానీ పుండు పడే ప్రమాదం బాగా తగ్గుతుంది. మీ ఇంట్లో వాడనిది ఉంటే పరుపుతోపాటు దాని పంపు, గొట్టాలు కూడా వెతికి ఇవ్వండి. మాకొచ్చేవాటిలో చాలావాటికి పంపు ఉండదు, విడిగా కొనాలంటే అదే కంపెనీది దొరకదు. సోంపేట చుట్టుపక్కల అయితే మావాళ్ళే వచ్చి తీసుకెళ్తారు.